మా అత్తగారు బయట తిన్న అన్నం

యాభై ఏళ్ళు దాటేవరకూ మా అత్తగారు ఓటల్లో మెతుకు ముట్టలేదు. ఒడిశాలోని బరంపురం బజారులో పప్పులూ, మిరపకాయలూ, చింతపండూ టోకున అమ్మే కొట్టు మాది. ఎన్నో తరాల కిందట వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన తెలుగు వర్తకుల ఇల్లు. ఆ ఇంట్లో వంటంతా ఆవిడ చేతిమీదుగానే నడిచేది. పెళ్ళికి వెళ్ళినా, వైద్యానికి వెళ్ళినా క్యారేజీ లేకుండా గడప దాటేవారు కాదు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఒకసారి బజారు నుంచి వేడివేడి ఆలూచాప్, అంటే బంగాళాదుంప బోండాల పొట్లం కట్టించుకొస్తే, దాన్ని వంటింట్లోకి తేకుండా వసారాలోనే తినెయ్యమన్నారు. కోప్పడలేదు.

"ఎవులు ఒండినారో, ఏటేసి ఒండినారో మనకేటి తెలుస్తాది, అమ్మీ" అన్నారంతే.

ఆవిడది మడీ కాదు, అసహ్యమూ కాదు. కళ్ళతో చూడని వంటని నమ్మలేకపోవడం. అలాంటి మనిషి చేత ఊరూరా తిండి తినిపించింది మా మావగారి జబ్బు.

మావగారు నెలనెలా దిగపహండి, ఛత్రపురం, ఇంకా చుట్టుపక్కల ఊళ్ళూ తిరిగి, కిరాణా కొట్లవాళ్ళనీ ఓటళ్ళవాళ్ళనీ పలకరించి ఆర్డర్లు తెచ్చేవారు. ఆయన కూడా బయట తినేవారు కాదు. ఆవిడ కట్టిచ్చిన క్యారేజీ తీసుకెళ్ళి, ఏదో కొట్టు వెనక కూర్చుని తిని వచ్చేసేవారు. పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయాక ఆ తిరుగుడు ఆగిపోయింది. మా ఆయన కొట్టు వదిలి కదల్లేరు. ఫోన్లు చేశారు. మొదట్లో అందరూ "పంపండి" అన్నవాళ్ళే, రానురాను "చూద్దాం" అనడం మొదలుపెట్టారు. ఒకరోజు పొద్దున్న అత్తగారు కాఫీ గ్లాసు కింద పెట్టి అన్నారు.

"మొకం సూపించకపోతే బేరం నిలవదు. నానెల్తాను."

"నువ్వా? ఈ ఎండల్లో, బస్సుల్లోనా?" అన్నారు మా ఆయన.

"బస్సు నానెప్పుడూ ఎక్కలేదేటి? అమ్మి నాతోటి ఒస్తాది. ఆర్డర్లు రాసుకోడానికి అదుంటే సాలు."

మంచం మీదనుంచి మావగారు మా మాటలు వింటున్నారు. అప్పటికింకా మాట సరిగ్గా తిరిగేది కాదు. బాగున్న కుడిచేత్తో ఆవిడ చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేశారు.

మొదటిసారి దిగపహండి వెళ్ళాం. తెల్లారకముందే లేచి ఆవిడ క్యారేజీ కట్టారు. అన్నం, ముద్దపప్పు, దొండకాయ వేపుడు. బస్సులో మాకు ఇంజను పక్క సీటు దొరికింది. క్యారేజీ దారి పొడుగునా ఆ సెగ మీదే ఉంది. కొట్లన్నీ తిరిగి, ఓ అరుగు మీద కూర్చుని మూత తీసేసరికి పప్పు నురగలు కక్కుతోంది. అన్నానికీ అదే వాసన పట్టింది. ఆవిడకి షుగరు. తిండికి ముందు వేసుకునే మాత్ర అప్పటికే మింగేశారు. ఆవిడ నుదుటి మీద చెమట పట్టింది. పరిగెత్తి అరటిపళ్ళు తెచ్చి ఒకటి తినిపించాను.

"అత్తయ్యా, ఇంక ఇక్కడ ఏదో ఒకటి తినాల్సిందే."

"తిందాం. అయితే ఏదో ఒకటి మాత్రం కాదు" అని లేచారు.

బస్టాండు ఎదురుగా ఓటళ్ళు వరసగా ఉన్నాయి. వాటిలో పెద్దది మా ఖాతాదారుదే. అద్దాల బీరువాలో మన గారెల్లాంటి మినప్పప్పు బరాలు, ఆలూచాప్‌లు పేర్చి ఉన్నాయి. అతను మా దగ్గర మొదటి రకం పప్పులు తప్ప ఇంకో రకం కొనడు. నేను అటే నడిచాను. అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని ఆపి, ఆ వరస పక్కనున్న సందులోకి తిరిగారు. ఎందుకో తెలియక ఆవిడ వెనకే వెళ్ళాను.

ఓటళ్ళ వెనక వైపు వేరే ఊరులా ఉంది. కట్టెల మోపులు, బూడిద కుప్పలు, అంట్ల తొట్లు. మా ఖాతాదారు వంటవాడు తారులా నల్లబడిన నూనె మూకుట్లోకి కొత్త నూనె పాకెట్టు కత్తిరించి పోస్తున్నాడు. అత్తగారు కాసేపు చూసి ముందుకి కదిలారు. రెండోదాని వెనక కంచాలన్నీ ఒకే తొట్టిలో ముంచి తీస్తున్నారు. ఆ నీళ్ళు పొద్దుటివో, నిన్నటివో. మూడోది చిన్న పెంకుటి పాక. దాని వెనక ఒక ఒడియా ఆవిడ పీట మీద కూర్చుని తోటకూర ఏరుతోంది. ఒక్కొక్క ఆకూ తిప్పి చూసి, పురుగు పట్టినది పారేసి, మంచిది బుట్టలో వేస్తోంది. ముందు వైపు జనం అప్పటికే వచ్చి కూర్చున్న సవ్వడి వినిపిస్తోంది. ఆవిడ చేతులు మాత్రం తొందర పడటం లేదు.

"జనం ఒచ్చి కూకున్నా ఆకు ఏరడం మానలేదు సూడు. ఇక్కడ తిందాం" అన్నారు అత్తగారు.

ముందు వైపుకి వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాం. ఆకు ఏరుతున్నావిడ భర్తే వడ్డించేవాడు. అత్తగారు ఒడియాలో అడగడం మొదలుపెట్టారు. పూరీ ఉందా? లేదు. పనీరు కూర? లేదు. వంకాయ? పొద్దున్న సంతలో మంచివి దొరకలేదు, వండలేదు. మరి ఏముంది? అన్నం, డాల్మా, తోటకూర, నలిపిన వడియాలు. అతను లేదన్న ప్రతిసారీ ఆవిడ భుజాలు కొంచెం కొంచెం వదులవడం గమనించాను. ఎందుకో తిరుగు బస్సులో చెప్పారు.

"అన్నీ ఉన్నాయన్నోడి దగ్గిర నిన్నటివి కూడా ఉంటాయి, అమ్మీ."

డాల్మా అంటే ఇక్కడి వాళ్ళ పప్పు. అందులోనే పచ్చి అరటీ, గుమ్మడీ, బొప్పాయీ ముక్కలు వేసి ఉడికించి, దించేముందు వేయించిన జీలకర్రా ఎండుమిర్చీ దంచి చల్లుతారు. పుట్టినప్పటినుంచీ ఒడియా వాళ్ళ మధ్య బతికిన మనిషి, ఆవేళే మొదటిసారి దాన్ని నోట్లో పెట్టుకున్నారు. మొదటి ముద్ద నెమ్మదిగా నమిలారు. రెండో ముద్దకి ఆగలేదు. మారు అన్నం అడిగి వేయించుకున్నారు. చెయ్యి కడుక్కున్నాక, ఆ పప్పు ఏ కొట్టుదని అతన్ని అడిగారు. ముక్కల పప్పు అని, మిల్లు దగ్గర చవగ్గా దొరుకుతుందని, తన భార్య చెరిగి, కొంచెం వేయించి వండుతుందని అతను చెప్పాడు. మా కొట్లో ఆ రకాన్ని మూలన పడేసి ఉంచుతాం.

అత్తగారు కొంగుతో చెయ్యి తుడుచుకున్నారు. తర్వాత, "మంచి సరుకు కొన్నోడు మంచి వంట ఒండుతాడనుకున్నాను ఇన్నాళ్ళూ. సరుకు సూడ్డం నాకు తెలుసు. సెయ్యి ఎలాటిదో ఈయేళ సూసినాను" అన్నారు.

మేం బయటికి వచ్చేసరికి మా ఖాతాదారు తన ఓటలు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. పొద్దున్నే ఆర్డరిచ్చిన మనిషి. ముఖం చిన్నబోయి ఉంది.

"అమ్మా, మన ఓటలు పక్కనుండగా ఆ పాకలో తిన్నారేటి? నాను మీ సరుకే వాడతన్నాను కదా."

లోపల తింటున్నవాళ్ళు తలలు తిప్పారు. అత్తగారు అతన్ని వాళ్ళకి వినపడకుండా రోడ్డు పక్కకి పిలిచారు.

"సరుకు మాదే నాయినా, కాదన్ను. మూకుట్లో నూనె ఎన్నాళ్ళదో మాత్రం నాకు తెలీదు. పాతదాని మీద కొత్తది పోస్తంటే ఎనక సందులోంచి సూసినాను. సుగరు మనిసిని, తట్టుకోలేను. అందుకని రాలేదు."

"ఎనక సందులోకి ఎందుకెల్లారమ్మా?"

"ఒండేది అక్కడే కదా."

అతను మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయాడు. బస్సెక్కాక నేను ఉండబట్టలేక అడిగాను, ఆయన ఇంక మన దగ్గర కొంటాడా అని.

"కొనకపోతే పోనీ. కడుపు నిండిపోయిందని అబద్దం ఆడితే, మళ్ళీసారి ఆడి దగ్గిరే తినాలి కాదేటి" అని కిటికీకి తల ఆనించి నిద్రపోయారు.

ఇచ్చిన ఆర్డరు అతను మర్నాడు ఫోన్లో రద్దు చేశాడు. మా ఆయన విసుక్కున్నారు. తరవాతి నెల మళ్ళీ దిగపహండిలో బస్సు దిగేసరికి అతను మెట్ల మీదనుంచే పిలిచాడు.

"అమ్మా, ముందు ఎనక సందులోకి ఎల్లి, తరవాత ఇలా రండి."

వెక్కిరింపో, నిజమో నాకు తెలియలేదు. ఆవిడ నిజంగానే తీసుకున్నారు. చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని సందులోకి వెళ్ళి, మూకుడు చూసి, అంట్ల దగ్గర కాసేపు నిలబడి, తిరిగొచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. బరా విరిచి, ఊది, తిన్నారు. అతను కౌంటరు వదిలేసి ఎదురుగా నిలబడ్డాడు.

"పప్పు బాగా నానింది. నూనె తేటగుంది. ఇంకోటెట్టు" అన్నారు.

అతను స్వయంగా వెళ్ళి తెచ్చి పెట్టాడు. ఆ తరవాత అతను మరో కొట్టుకి పోలేదు. మేం దిగపహండి వెళ్ళిన రోజుల్లో అన్నం పాకలో, సాయంత్రం బరా అతని దగ్గర. ఇద్దరికీ అది తెలుసు, ఎవరూ తప్పు పట్టలేదు.

అలా ఊళ్ళు తిరుగుతూ ఆవిడ ఒక పద్ధతి ఏర్పరుచుకున్నారు. ఎక్కడా నాకు పాఠంలా చెప్పలేదు. పక్కన నడుస్తూ నేను పట్టుకున్నదే. కొత్త ఊళ్ళో మొదట కిరాణా కొట్టువాణ్ణి అడిగేవారు, నీకు ఇంటినుంచి క్యారేజీ రాని రోజున ఎక్కడ తింటావని. లోపలికి వెళ్ళాక, వంటవాడు తను ఏం తింటున్నాడో చూసేవారు. తను వండింది తినకుండా పక్క కొట్టునుంచి తెప్పించుకునే వంటవాడు కనపడితే మంచినీళ్ళు తాగి లేచొచ్చేసేవారు. మంచినీళ్ళ కుండ మీద మూత ఉందా, ఆ మూత మీద పెట్టిన గ్లాసు బోర్లించి ఉందా, ఇవన్నీ ఆవిడ ఒక్క చూపులో చూసేసేవారు. గోడలు మసిబారి ఉంటే పట్టించుకునేవారు కాదు. పొయ్యి మండే చోట గోడ తెల్లగా ఎలా ఉంటుందనేవారు.

మా ఆయన ఒకరోజు ఫోన్లో చూపించారు. ఏ ఓటలుకి ఎన్ని నక్షత్రాలు వచ్చాయో అందులో ఉంటుందని, ఇక సందుల్లోకి తిరగక్కర్లేదని. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చూశారు.

"ఈ సుక్కలు ఎవులిచ్చినారు?"

"తిన్నవాళ్ళే ఇస్తారమ్మా."

"ఒక్కపాలి తినీసి ఎల్లిపోయినోలా, రోజూ తినేవోలా?"

మా ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు.

మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక బస్సులు మానేసి ఒక చిన్న వేను మాట్లాడుకున్నాం. డ్రైవరు పాతికేళ్ళు దాటిన, పెళ్ళయిన మనిషి. మేం చేపలూ మాంసమూ ముట్టం కాబట్టి, మాతో వచ్చినన్నాళ్ళూ మేం తిన్నచోటే పప్పన్నం తినేవాడు. అతను చేపలంటే ప్రాణం పెడతాడని ఒకరోజు మాటల్లో తెలిసింది. ఆ తరవాత ఆర్యపల్లి వెళ్ళాం. సముద్రం ఒడ్డున తెలుగు పల్లెకారుల ఊరు. అక్కడ ఒకావిడ కిరాణా కొట్టు నడుపుతూ, పక్కనే ఎండుచేపలు అమ్ముతుంది. చింతపండూ మిరపకాయలూ మా దగ్గరే తీసుకుంటుంది. ఇసుక మీద వలలు ఆరేసి ఉన్నాయి, చేపలు ఎండుతున్నాయి. ఆ వాసనకి నాకే కొంగు ముక్కు దగ్గరికి వెళ్ళింది. అత్తగారి కొంగు భుజం మీదే ఉంది.

లెక్కలు తేలాక ఆవిణ్ణి అడిగారు. "తల్లీ, ఇక్కడ సేప కూర ఎక్కడ బావుంటాది?"

కొట్టావిడ తెల్లబోయింది. "మీరు తింతారేటమ్మా?"

"నాను తిన్ను. మా డ్రైవరుబాబు తింతాడు. రోడ్డు మీద పోయేవోలు తినే సోటు కాదు, మీవోలు తినే సోటు సెప్పు."

"మావోలికి సేప ఇంట్లోనే ఉంటాది. ఓటలుకేల ఎల్తారు?" అని నవ్వి, కాస్త ఆలోచించింది. "ఒకటుంది. పడవ దిగినాక ఇంటిదాకా నడిసే ఓపిక లేని మగోలు కూకుని తినే పాక. ముసిలాయనా, ఆయన పెల్లామూ ఒండుతారు. ఆ పూట పడిన సేపే. పడకపోతే పొయ్యి ఎలిగించరు."

డ్రైవరు వద్దన్నాడు. హైవే మీద ఏదైనా తినేస్తానన్నాడు. అత్తగారు వినలేదు. కొట్టావిడ చూపించిన దారిన ఇసుకలో కాళ్ళు ఈడ్చుకుంటూ ముందు నడిచారు. పాక బయట బల్ల వేసి ఉంది. అతన్ని కూర్చోబెట్టి, ఆవిడ కూడా అదే బల్ల మీద కూర్చున్నారు. చేప వండే చోట ఆవిడ కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు. నిలబడిపోయాను.

"అమ్మా, మీరు వేనులో కూకోండి. వాసన" అన్నాడు డ్రైవరు ఇబ్బందిగా.

"మాతోటి ఇన్నాళ్ళూ పప్పన్నం తిన్నావు కదా, నానొక్కపూట కూకోలేనేటి? తిను."

అతను తల వంచుకుని తిన్నాడు. ముసలావిడ మేం చేపలు ముట్టని వాళ్ళమని తెలుసుకుని, చెయ్యి కడుక్కుని, ఇంట్లోంచి తాటిముంజలు తెచ్చి ఆకులో పెట్టింది. అత్తగారు ముంజ బొటనవేలితో చిదిమి నీళ్ళు జుర్రుకుని, ఇలాంటి లేతముంజ బరంపురంలో దొరకదని ఆవిడతో కబుర్లలో పడ్డారు. తిరిగి వచ్చేటప్పుడు ఛత్రపురం దాటాక డ్రైవరు వేను కాస్త నెమ్మది చేశాడు. తరవాత మెల్లిగా, "అమ్మా, ఒచ్చే ఆదోరం మా ఇంటిదాన్ని ఆ పాకకి తీసుకెల్తాను" అన్నాడు. అత్తగారు తలూపారు. ఆవేళ ఆవిడ ముఖంలో కనిపించిన తృప్తి, తనకి నచ్చిన డాల్మా తిన్నప్పుడు కూడా నేను చూడలేదు.

ఆవిడ లెక్క తప్పిన రోజూ ఉంది. గిరిసోల దగ్గర ఒక ఓటలు ఆవిడ పెట్టే అన్ని పరీక్షల్లోనూ నెగ్గింది. తిని ఇంటికొచ్చాక ఇద్దరికీ కడుపు చెడింది. వారం పాటు మజ్జిగన్నమే. "ఏమైంది నీ వెనక సందు?" అని మా ఆయన ఆటపట్టించారు.

"మనిసికి అన్నీ తెలిసిపోతే దేవుడెందుకు?" అన్నారు నీరసంగానే.

మళ్ళీ అటు వెళ్ళినప్పుడు ఆ ఓటలు ముందే వేను ఆపించారు. నేను వద్దన్నాను. లోపలికి వెళ్ళి యజమానితో, కోపం లేకుండా, ఫలానా రోజు మీ దగ్గర తిన్నాం, కడుపు చెడింది అని చెప్పారు. అతను బుకాయిస్తాడనుకున్నాను. ఆవేళ పంపు పాడై బయటినుంచి నీళ్ళు తెప్పించానని, ఇంకో ఇద్దరు కూడా ఇదే మాట చెప్పారని, ఇప్పుడు పంపు బాగుచేయించానని అన్నాడు.

అత్తగారు నావైపు తిరిగి, "నిజం సెప్పినాడు. కూకో" అన్నారు. కూర్చుని తిన్నాం. ఏమీ కాలేదు.

ఈమధ్య మావగారు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. మాట కూడా చాలావరకు తిరిగింది. మొన్న వానల్లో రక్తపరీక్షకని పరగడుపున ఆసుపత్రికి తీసుకెళ్ళాం. జనం ఎక్కువై చాలా ఆలస్యమైంది. బయటికి వచ్చేసరికి ఆయన ఆకలికి సోలిపోతున్నారు. ఇల్లు ఊరికి ఆ చివర. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు, బళ్ళు కదలడం లేదు. అత్తగారు ఆటో ఆపించి, మమ్మల్ని అందులోనే ఉండమని, గొడుగేసుకుని ఒక టిఫిను దుకాణం పక్క సందులోకి వెళ్ళారు. వచ్చేసరికి చీర అంచు తడిసిపోయి ఉంది.

"దిగండి. ఇక్కడ బావుంది."

మావగారు ఆవిడ ముఖంలోకి చూసి, కర్ర ఆనించి దిగారు. మూలబల్ల దగ్గర ఆయనా ఆవిడా ఎదురెదురుగా కూర్చున్నారు, నేను పక్కన. పొగలు కక్కుతున్న ఇడ్లీలు, వేరుశనగ చట్నీ వచ్చాయి. ఆయన చెయ్యి పెట్టకుండా ఆవిణ్ణే చూస్తున్నారు. ఆవిడ ఒక ముక్క తుంచి చట్నీలో అద్ది తిన్నారు.

"నువ్వు వేడిగా తింతన్నావు" అన్నారాయన, ఒక్కొక్క మాటా కూడదీసుకుని.

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. నాకైంది. ఆ ఇంట్లో ఆవిడ అందరికీ వడ్డించి, ఆఖరున, చల్లారిన దాంతో తినడమే ఆయన చూశారు. వాళ్ళిద్దరూ ఒకేసారి కూర్చుని తినడం నేనూ చూడలేదు.

"అవునండీ. ఎవులో ఒడ్డిస్తే వేడిగానే తినొచ్చు" అన్నారావిడ, చేతిలో ముక్క చూసుకుని.

మావగారు కుడిచేత్తో తన చట్నీ గిన్నె ఆవిడ వైపు జరిపారు. అప్పుడు తినడం మొదలుపెట్టారు. తిన్నాక, చెయ్యి కడుక్కోకముందే, ఇంకో ప్లేటు చెప్పమన్నారు, అది ఆవిడకే అన్నారు.

ఇప్పుడు ఆసుపత్రి పని లేకపోయినా ఆదివారం పొద్దున్న ఆయన ఆటో పిలిపించమంటారు. ఎక్కడికని అడగరు. ఆవిడ ఆపమన్నచోట దిగి, ఆవిడ సందులోంచి తిరిగొచ్చేదాకా కర్ర మీద ఆనుకుని నిలబడతారు.